చొల్లంగి అమావాస్యకి చైనా తాళం వేసుకుంటుంది

పోయిన నెల ఈ పేజీలో ఒకరికి జవాబిస్తూ, 2009 నుంచి 2019 దాకా చైనాలో ఉన్నానని మాటవరసకి రాశాను. అంతే, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా చైనా మీదే, అందులోనూ పండగల మీదే. అందుకని ఈసారి పేజీ మొత్తం వాటికే.

ముందే ఒక మాట. నేనున్నది ఫుజియన్ రాష్ట్రంలో, షియామెన్ నగరానికి దగ్గర్లో ఉన్న ష్వేయ్‌తోవ్ అనే ఊళ్ళో. మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు ఓడెక్కి వెళ్ళి స్లాబులుగా కోయించుకునేది అక్కడే. గెలాక్సీని వాళ్ళు హేయ్‌జిన్‌షా అంటారు, నల్ల బంగారు ఇసుక అని. ఒంగోలు కంపెనీ తరఫున ఆ స్లాబుల నాణ్యత చూడడం నా పని. కాబట్టి నేను చెప్పేది దక్షిణ చైనా సంగతి, అదీ రాతి దుమ్ములోంచి చూసింది. బీజింగ్‌లో ఉండొచ్చినవాళ్ళు వేరేగా చెబితే అదీ నిజమే అయ్యుంటుంది.

మా అబ్బాయి చైనాలో ఎంబీబీఎస్ రెండో సంవత్సరం. అక్కడి కొత్త సంవత్సరానికి హాస్టల్లో నలుగురే మిగిలారట, మెస్ మూసేశారట, వీధిలో హోటళ్ళు కూడా లేవట. పండగంటే ఊరు సందడిగా ఉండాలి కదా? వాడు నిజమే చెబుతున్నాడా? — గుంటూరు నుంచి ఒక తల్లి

నిజమే చెబుతున్నాడమ్మా. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఖాళీ అవుతుందో, అక్కడ పరిశ్రమలున్న ప్రతి ఊరూ అలా అవుతుంది. పని కోసం వచ్చినవాళ్ళంతా సొంత ఊళ్ళకి పోతారు. ఈ ప్రయాణాల హడావుడికి ప్రభుత్వమే నలభై రోజులు లెక్కగట్టి రైళ్ళూ బస్సులూ వేస్తుంది. దాన్ని చున్‌యున్ అంటారు. సందడి లేక కాదు, అది మీవాడి హాస్టల్ వదిలేసి పల్లెటూళ్ళకి పోయింది.

నా మొదటి ఏడాది కథ వింటే మీవాడు నయమనిపిస్తుంది. 2009లో వాళ్ళ కొత్త సంవత్సరం జనవరి 26. మా కంపెనీవాళ్ళు ఆ ఒక్కరోజే సెలవనుకుని నన్ను 20వ తేదీకే పంపించారు. వెళ్ళి చూస్తే ఫ్యాక్టరీ గేటుకి తాళం. లోపల ఒక ముసలి వాచ్‌మన్, ఒక కుక్క. నాకు చైనీస్ రాదు, ఆయనకి అది తప్ప ఇంకోటి రాదు. ఎప్పుడు తెరుస్తారని సైగ చేస్తే నా నోట్‌బుక్ తీసుకుని 2.10 అని రాశాడు. సరే, భోజనాల తర్వాత కాబోలనుకుని మధ్యాహ్నం రెండుంబావుకి ముందే గేటు దగ్గర నిలబడ్డాను. మర్నాడూ నిలబడ్డాను. మూడోరోజు ఆయనకి జాలేసిందో నవ్వొచ్చిందో, క్యాలెండర్ తెచ్చి ఫిబ్రవరి పేజీలో పదో తేదీ మీద వేలు పెట్టాడు. పండగ మొదలైన పదిహేనో రోజు, అంటే ఫిబ్రవరి 9న, దీపాల పండగ. అది అయిపోయాకే పనిలోకి వస్తారన్నమాట.

పండగ ముందురోజు రాత్రి ఆయనే నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆ రాత్రి భోజనాన్ని అక్కడ వెయ్‌లూ అంటారు, పొయ్యి చుట్టూ కూర్చోవడం అని. కరెంటు పొయ్యి మీద గిన్నె, గిన్నెలో ఆకుకూరలు, టోఫు, చేప ఉండలు. విడిగా పళ్ళెంలో ఒక నిండు చేప. దాని ఒక పక్క తిన్నాం. రెండో పక్కకి నేను చెయ్యి పెట్టబోతే ఆపాడు. చేపనీ మిగులునీ వాళ్ళ భాషలో ఒకేలా పలుకుతారు, యూ అని. ఏటేటా ఇంట్లో మిగులు ఉండాలంటే పళ్ళెంలో చేప కొంచెం మిగలాలి. టీవీలో 1983 నుంచీ ఏటా వస్తున్న పండగ కార్యక్రమం నడుస్తోంది, ఆయన చూస్తూ కునుకుతున్నాడు. పన్నెండింటికి టపాకాయలు మొదలయ్యాయి చూడండి, కుక్క నా మంచం కింద దూరింది.

పొద్దున్నే లేచి, తిన్న ఇంటికి సాయం చేద్దామని గుమ్మం ముందు ఎర్ర కాగితాలు ఊడవబోయాను. ఆయన పరుగెత్తుకొచ్చి చీపురు లాక్కున్నాడు. మొదటిరోజు ఊడిస్తే వచ్చిన లక్ష్మిని బయటికి నెట్టినట్టట. ఇంతలో ఒంగోలు నుంచి మా అమ్మ ఫోను: ఇవాళ సూర్యగ్రహణం, బయట తిరగకు అని. నిజంగానే ఆరోజు గ్రహణం. నాకు చీపురూ లేదు, బయటికి పోవడమూ లేదు, కదలకుండా కూర్చున్నాను.

మీవాడికి చెప్పండి: పండగకి రెండురోజుల ముందే వారానికి సరిపడా బియ్యం, గుడ్లు, కూరగాయలు తెచ్చుకోమనండి. పెద్ద సూపర్‌మార్కెట్లు తెరిచే ఉంటాయి, చిన్న కొట్లే ఉండవు. క్లాసులో చైనా పిల్లలెవరైనా మా ఊరు రారా అంటే మొహమాటపడకుండా వెళ్ళమనండి. అది చూడకుండా ఆరేళ్ళూ చదివొస్తే డిగ్రీ ఒక్కటే వస్తుంది.

చైనా కొత్త సంవత్సరం ఒక ఏడాది జనవరిలో, ఒక ఏడాది ఫిబ్రవరిలో వస్తుందెందుకు? మన ఉగాదికీ దానికీ ఏమైనా చుట్టరికం ఉందా? — హనుమకొండ డిగ్రీ విద్యార్థి

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. ఉగాదితో కంటే చొల్లంగి అమావాస్యతో, అంటే పుష్య బహుళ అమావాస్యతో, చుట్టరికం ఎక్కువ. వాళ్ళవీ చాంద్రమాన నెలలే, అమావాస్య రోజునే నెల మొదలు. వాళ్ళ మొదటి నెల మామూలుగా మన మాఘమాసం. అంటే పుష్య బహుళ అమావాస్య నాడో, మర్నాడో వాళ్ళకి కొత్త సంవత్సరం. జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. అధికమాసం కూడా ఉంది. సూర్యుడు రాశి మారని నెల అధికం అన్న లెక్క రెండు చోట్లా ఒకటే. తేడా ఎక్కడంటే, మనవాళ్ళు నక్షత్రాలని బట్టి రాశిని కొలుస్తారు (నిరయనం), వాళ్ళు విషువత్తుని, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే రోజుని, బట్టి కొలుస్తారు (సాయనం). రెంటికీ మధ్య ఇప్పుడు ఇరవైనాలుగు రోజుల ఎడం. అందుకే ఒక్కోసారి అధికమాసాలు వేరు వేరు చోట్ల పడతాయి. 2025లో వాళ్ళకి ఆరో నెల అధికం వచ్చింది, మనకేమో 2026లో అధిక జ్యేష్ఠం. ఈ మధ్యలో రెండు పంచాంగాలూ ఒక నెల తేడాతో నడిచాయి. 2026 ఫిబ్రవరి 17న వాళ్ళ కొత్త సంవత్సరం మన మాఘ అమావాస్య నాడు పడింది. మన అధికం అయిపోగానే లెక్క మళ్ళీ కలిసిపోతుంది. 2027 ఫిబ్రవరి 6న వాళ్ళ పండగ చొల్లంగి అమావాస్య రోజే.

ఇంకో చుట్టరికం: ప్రభవ నుంచి అక్షయ దాకా మనకి అరవై ఏళ్ళ చక్రం ఉన్నట్టే వాళ్ళకీ అరవై. పన్నెండు జంతువులని పది గుర్తులతో కలిపి తిప్పుతారు. 2025 పాము, 2026 గుర్రం. ఎవరు పుట్టిన జంతువు ఏడాది మళ్ళీ వస్తే వారికి చెడ్డదట, ఎరుపు వేసుకుంటే కాపాడుతుందట. మా పాలిషింగ్ సెక్షన్‌లో ఒకతను తన ఏడాదంతా ఎర్ర సాక్సులే వేశాడు. రాతి బురదలో అవి రెండో వారానికే బూడిదరంగుకి తిరిగాయనుకోండి.

నేను షెన్‌జెన్ నుంచి ఎల్‌ఈడీ లైట్లు తెప్పిస్తాను. ప్రతి ఏడాదీ సెలవుల వల్ల సరుకు ఆగుతోంది. వాళ్ళ సెలవులు ఎప్పుడెప్పుడో చెప్పగలరా? — విజయవాడ వ్యాపారి

కాగితం మీద ఏడాదికి 13 రోజులే. 2024 దాకా 11 ఉండేవి, 2025 నుంచి రెండు పెంచారు. జనవరి 1న ఒకటి, కొత్త సంవత్సరానికి నాలుగు, ఏప్రిల్ మొదట్లో పోయిన పెద్దలని తలుచుకునే చింగ్‌మింగ్‌కి ఒకటి, మే డేకి రెండు, డ్రాగన్ పడవల పండగకి ఒకటి, ఎనిమిదో నెల పౌర్ణమికొచ్చే వెన్నెల పండగకి ఒకటి, అక్టోబర్ 1 జాతీయ దినోత్సవానికి మూడు. ఇందులో చింగ్‌మింగ్, పడవల పండగ, వెన్నెల పండగ 2008లోగాని సెలవులు కాలేదు. అంతకుముందు మేలో వారం రోజుల సెలవుండేది, దాన్ని తగ్గించి వీటికిచ్చారు. మార్చి 8న ఆడవాళ్ళకి మాత్రం సగంరోజు సెలవు. మా ఆఫీసులో ఆ మధ్యాహ్నం ఇన్‌వాయిస్ అడిగితే ఇచ్చేవాళ్ళుండేవాళ్ళు కాదు.

మీకు తెలియాల్సింది తియావ్‌షియూ అనే తిరకాసు. నాలుగు రోజుల సెలవుని ఎనిమిది చెయ్యడానికి ముందూ వెనకా శని ఆదివారాలు పని చేయిస్తారు. 2025లో జనవరి 28 నుంచి ఫిబ్రవరి 4 దాకా ఎనిమిది రోజులిచ్చి, జనవరి 26 ఆదివారం, ఫిబ్రవరి 8 శనివారం ఆఫీసుకి రమ్మన్నారు. మనవాళ్ళెవరైనా ఇలా చేస్తే ధర్నా చేస్తారు. వాళ్ళూ తిట్టుకుంటారు, కాకపోతే ఆఫీసుకొచ్చి తిట్టుకుంటారు.

ఇది ప్రభుత్వం లెక్క. చిన్న ఫ్యాక్టరీ లెక్క వేరు. పండగకి పదిరోజుల ముందే పనివాళ్ళు పల్చబడతారు, దీపాల పండగ దాటాక తిరిగొస్తారు. కొందరు అసలు రారు, జీతం బోనస్ తీసుకుని వేరే చోట చేరతారు. అందుకే పండగ తర్వాత మొదటి లాట్‌ని నేనెప్పుడూ నమ్మలేదు. కొత్త చేతులు కోసిన స్లాబులో మందం అటు పద్దెనిమిది మిల్లీమీటర్లు, ఇటు ఇరవై ఉండేది. మీరు మీ సప్లయర్‌ని సెలవు ఎప్పట్నుంచి అని అడగొద్దు. చివరి లోడింగ్ ఏ తేదీ, పనివాళ్ళు ఏ తేదీకి వస్తారు, ఈ రెండూ అడగండి. అక్టోబర్ మొదటి వారం కూడా అలాగే చూసుకోండి.

వాళ్ళకి మనలాగా పితృకార్యాలు ఉన్నాయా? — రాజమండ్రి నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాష్టారు

ఉన్నాయి మాష్టారూ, గట్టిగా ఉన్నాయి. చింగ్‌మింగ్ అంటే అదే. ఇది తిథి పండగ కాదు, మన సంక్రాంతిలాగా సూర్యుడి లెక్క, ఏప్రిల్ 4 లేదా 5. కుటుంబమంతా కొండవాలులో ఉన్న సమాధి దగ్గరికి పోతారు. కొడవళ్ళతో గడ్డి కోస్తారు, రాతి మీద చెక్కిన పేర్లకి మళ్ళీ రంగు దిద్దుతారు. పండ్లు, కోడిమాంసం, చిన్న కప్పుల్లో సారాయి పెట్టి, అగరొత్తులు గుచ్చి, కాగితం నోట్లు కాలుస్తారు. పోయినవాళ్ళకి అక్కడ ఖర్చులుంటాయి కదా. మా ఫ్యాక్టరీ ఓనరు ఒక్కొక్క నోటూ విడదీసి నిప్పులో వేసేవాడు, కట్టగా వేస్తే సరిగ్గా కాలదని. అదయ్యాక ఆ పెట్టిన పళ్ళే అక్కడ కూర్చుని ఒలుచుకుని తింటారు. ఏడుపేమీ ఉండదు, పిల్లలు సమాధి గట్టు మీద జారుడుబల్ల ఆడుతుంటారు. మన కరీంనగర్‌లో కొన్ని కుటుంబాలు దీపావళి రోజు శ్మశానంలో సమాధుల దగ్గర దీపాలు పెడతాయి చూడండి, ఆ పద్ధతికి దగ్గరగా ఉంటుంది. ఇంటికొచ్చాక షియామెన్ వైపు పలచటి రొట్టెలో క్యారెట్, క్యాబేజీ, బఠాణీ, మాంసం కూర చుట్టి తింటారు.

ఏడో నెలలో ఇంకోటుంది, ఆకలితో తిరిగే ఆత్మలకి అన్నం పెట్టేది. గుమ్మం బయట బల్ల వేసి వంటకాలు పెడతారు, ఫుజియన్‌లో ఒక్కో పేటకి ఒక్కోరోజు. దీని వెనకున్న బౌద్ధ కథ మీకు నచ్చుతుంది: బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు ప్రేతలోకంలో పడ్డ తల్లిని విడిపించడం. యూలాన్‌పెన్ అని వాళ్ళనే పేరుకి మూలం సంస్కృతమే అంటారు.

డ్రాగన్ పడవల పండగ అంటే కేరళ పడవపందాల్లాంటిదా? — అమలాపురం నుంచి

పడవల వరకు అవును. తిథి ఐదో నెల ఐదో రోజు, మామూలుగా మన జ్యేష్ఠ శుద్ధ పంచమి చుట్టుపక్కల. రెండువేల మూడువందల ఏళ్ళ కిందట చూ యువాన్ అనే మంత్రి, కవి, తన రాజ్యం పతనమవుతుంటే తట్టుకోలేక మీలువో నదిలో దూకాడు. ఆయన్ని వెతకడానికి పడవలేశారు, చేపలు ఆయన్ని తినకుండా నీళ్ళలో అన్నం వేశారు. ఆ అన్నమే ఇప్పుడు జోంగ్జి: ఆకులో జిగురుబియ్యం మూటకట్టి ఉడకబెట్టేది. షియామెన్‌లో పందిమాంసం పెట్టి చేస్తారు. శాకాహారులు అడిగి తినండి. పందాలు చూడాలంటే అక్కడి జిమెయ్‌లో తన్ కా కీ అనే దాత కట్టించిన పెద్ద కొలను ఉంది, గట్టు మీద మంటపాల నీడన కూర్చుని చూడొచ్చు. గుమ్మాలకి మనం మావిడాకులు కట్టినట్టు వాళ్ళు ఆరోజు మాచిపత్రి జాతి ఆకు, వస జాతి ఆకు కలిపి కడతారు, పురుగూపుట్రా రాకుండా.

వెన్నెల పండగకి మీరున్న ఊళ్ళో పాచికలు ఆడతారట. పండక్కి జూదమా? — సిద్దిపేట, ఏడో తరగతి

జూదం కాదురా అబ్బాయ్, డబ్బు పెట్టరు. దీని పేరు బోబింగ్. షియామెన్ చుట్టుపక్కల తప్ప మిగతా చైనాలో చాలామందికి తెలియదు కూడా. పదిహేడో శతాబ్దంలో జెంగ్ చెంగ్‌గోంగ్ అనే సేనాపతి సైనికులు ఇంటిమీద బెంగపెట్టుకుంటే, వాళ్ళ మనసు మళ్ళించడానికి మొదలుపెట్టారని అక్కడ చెప్పుకుంటారు.

పింగాణీ గిన్నె ఒకటి, పాచికలు ఆరు. గుప్పిట్లో ఆడించి గిన్నెలో వేస్తే గలగలమని తిరుగుతాయి. పదిమంది ఒక బల్ల దగ్గర, అలాంటి బల్లలు ఇరవై ఒక హాల్లో ఆడుతుంటే వడగళ్ళు రేకుల మీద పడ్డట్టుంటుంది. అందరి కళ్ళూ నాలుగు చుక్కల కోసమే. చైనా పాచికల్లో ఆ నాలుగు చుక్కలు ఎర్రగా ఉంటాయి. మామూలుగా నాలుగంటే వాళ్ళకి భయం, చావు అన్న మాటలా వినిపిస్తుందని. లిఫ్టుల్లో నాలుగో అంతస్తు నంబరే ఉండదు కొన్నిచోట్ల. ఈ ఒక్క ఆటలో మాత్రం నాలుగు కోసం దేవుళ్ళకి మొక్కుతారు!

బహుమతులు 63. ఒక నాలుగు పడితే అన్నిటికంటే చిన్నది, అవి 32. రెండు నాలుగులకి 16. నాలుగు కాక ఇంకేదైనా అంకె నాలుగు పాచికల మీద పడితే 8. మూడు నాలుగులకి 4. ఒకటి నుంచి ఆరు దాకా వరసగా పడితే 2. నాలుగు నాలుగులు పడితే జువాంగ్‌యువాన్, అది ఒక్కటే. పూర్వం రాజుగారి పరీక్షలో దేశం మొత్తం మీద ఫస్టు వచ్చినవాడి బిరుదు అది. మిగతా మెట్లకీ ఆ పరీక్షల పేర్లే. పాచిక గిన్నె బయట పడిందా, నీ వంతు పోయినట్టే. జువాంగ్‌యువాన్ వచ్చిందని ఎగరకూడదు, తర్వాతవాడికి ఇంకా పెద్దది పడితే లాక్కుంటాడు.

వెనకటికి బహుమతులు రకరకాల సైజుల మూన్‌కేకులు. ఇప్పుడు కంపెనీలు పెట్టే ఆటలో సబ్బులు, టూత్‌పేస్టు, షాంపూ, దుప్పట్లు, రైస్‌కుక్కర్లు. పదేళ్ళలో నాకొచ్చిన టిష్యూ పేపర్లతో ఒక బీరువా నిండింది. ఒక్కసారి, 2014లో, నాలుగు నాలుగులు పడ్డాయి. పక్కనే రెండు ఒకట్లు కూడా పడ్డాయి. దాన్ని బంగారు పూలు పెట్టుకున్న జువాంగ్‌యువాన్ అంటారు, దాన్ని మించింది లేదు. హాలంతా లేచి అరిచింది. నాకర్థమయ్యేలోపు మా ఓనరు నా భుజాలు పట్టుకుని ఊపేస్తున్నాడు. బహుమతి ముప్పైరెండు అంగుళాల టీవీ. ఒంగోలు తేవడానికి విమానంవాళ్ళు అడిగిన లగేజీ డబ్బులు చూసి వాచ్‌మన్ తాతకి ఇచ్చేశాను. పాత టీవీ ముందే ఆయన కునికేవాడు కదా, కొత్తదాని ముందూ అలాగే కునికాడు.

మూన్‌కేక్ ఎలా ఉంటుందని కూడా అడిగావు. అరచేతిలో పట్టే బిళ్ళ, పైన అచ్చు గుద్దిన పూలు, లోపల తామరగింజల ముద్ద, మధ్యలో ఉప్పులో ఊరేసిన బాతుగుడ్డు పచ్చసొన. నాకు మొదటి ముక్క బాగుండేది, రెండోది బరువు.

మావారికి షియామెన్‌లో ఉద్యోగం వచ్చింది. పండగకి వాళ్ళింటికి పిలిస్తే ఏం తీసుకెళ్ళాలి? మేం శాకాహారులం. — కడప నుంచి

తిండి గురించి భయపడొద్దమ్మా. వో చిసూ, అంటే నేను శాకాహారిని, అని నేర్చుకోండి. అక్కడ నాన్‌పుతువో అనే పెద్ద బౌద్ధ గుడి ఉంది, దాని భోజనశాలలో అంతా శాకాహారమే. ఒకటో తిథికీ పదిహేనో తిథికీ మాంసం మానేసే ముసలమ్మలు చాలామంది ఉంటారు, మీ మాట వాళ్ళకి వెంటనే అర్థమవుతుంది.

పట్టుకెళ్ళడానికి పళ్ళు, టీ పొడి మంచివి. గోడగడియారం వద్దు, గడియారం ఇవ్వడం అన్న మాట చావుకి సాగనంపడం అన్నట్టు వినిపిస్తుంది. పిల్లలకి డబ్బిస్తే ఎర్ర కవర్లో, కొత్త నోట్లు. ఇక్కడే నేను దెబ్బతిన్నాను. రెండో ఏడాది మా ఇంటి ఓనరమ్మ మనవరాలికి, మన అలవాటు కొద్దీ, వందకి ఒకటి కలిపి నూటొక్క యువాన్లు తెల్ల కవర్లో పెట్టి ఇచ్చాను. తెల్ల కవరు చావింటికి. అక్కడ బేసి సంఖ్య కూడా అలాంటి చోటికే. ఆవిడ నవ్వు చెదరనివ్వకుండా కవరు తీసుకుని సొరుగులో పెట్టేసింది. మర్నాడు పొద్దున నా తలుపు కింద ఒక ఖాళీ ఎర్ర కవర్ల కట్ట ఉంది, పాతిక దాకా. మీద కలంతో 100 అని ఒక చోట, 200 అని ఒక చోట రాసి, 101 రాసి గట్టిగా కొట్టేసి ఉంది. ఆ కట్టలో ఇంకా ఆరేడు మిగిలున్నాయి నా దగ్గర. మీ అడ్రసు పంపితే పోస్టు చేస్తాను.